దేశం వెలుపలి కోర్టు, దేశంలోని న్యాయమూర్తి

1995 జూన్ 16న పెరూ రాజధాని లిమాలో పదహారో క్రిమినల్ కోర్టు న్యాయమూర్తి ఆంటోనియా సాకికురాయ్ ఒక ఉత్తర్వు ఇచ్చారు. అంతకు రెండు రోజుల ముందు, ఇంకా తెల్లవారకుండానే, బహిరంగ ప్రకటన గానీ చర్చ గానీ లేకుండా పెరూ పార్లమెంటు ఒక క్షమాభిక్ష చట్టాన్ని ఆమోదించింది. 1980 నుంచి సాయుధ తిరుగుబాటును అణచే క్రమంలో సైనికులు, పోలీసులు చేసిన నేరాలకు విచారణ, శిక్ష రెండూ ఉండవన్నది ఆ చట్టం సారాంశం. తన ముందున్న కేసుకు అది వర్తించదని సాకికురాయ్ తేల్చారు. రాజ్యాంగంలోని హామీలకూ, పెరూ సంతకం చేసిన అమెరికా ఖండపు మానవ హక్కుల ఒడంబడికకూ అది విరుద్ధమన్నది ఆమె చెప్పిన కారణం. రెండు వారాలు తిరగకముందే పార్లమెంటు రెండో చట్టం చేసింది: క్షమాభిక్షను ఏ న్యాయమూర్తీ సమీక్షించరాదు, దానిని వర్తింపజేసి తీరాలి. జూలై 14న పై కోర్టు ఆ కేసును మూసివేసి, చట్టానికి తప్పుడు అర్థం చెప్పారంటూ సాకికురాయ్‌పైనే విచారణకు ఆదేశించింది.

ఆ కేసు బారియోస్ ఆల్టోస్ హత్యాకాండకు సంబంధించినది. 1991 నవంబరు 3 రాత్రి లిమాలోని ఆ పేట వాసులు తమ భవనం మరమ్మతులకు డబ్బు కూడబెట్టడానికి కోడికూర అమ్ముతూ చిన్న విందు పెట్టుకున్నారు. పోలీసు వాహనాలకు ఉండే దీపాలు, సైరన్లు బిగించిన రెండు బండ్లలో ముసుగు మనుషులు ఆరుగురు దిగారు. లోపలున్నవారిని నేలమీద పడుకోబెట్టి దాదాపు రెండు నిమిషాలపాటు కాల్పులు జరిపారు. పదిహేను మంది చనిపోయారు. వారిలో ఎనిమిదేళ్ల బాలుడు ఉన్నాడు. నలుగురు తీవ్రంగా గాయపడ్డారు. ఆ స్థలంలో పోలీసులకు 111 తూటా గొట్టాలు, 33 తూటాలు దొరికాయి. హంతకులు సైనిక నిఘా విభాగంతో సంబంధమున్న కొలీనా దళ సభ్యులని తరువాత తేలింది. నేరం చేసింది ప్రభుత్వ మనుషులు, దర్యాప్తు చేయాల్సింది ప్రభుత్వ సంస్థలు, దర్యాప్తును ఆపే చట్టం చేసింది ప్రభుత్వ పక్షానికి ఆధిక్యం ఉన్న పార్లమెంటు. ఇక బాధితులు వెళ్లడానికి మిగిలిన చోటు దేశం వెలుపలే ఉంది.

చట్టబద్ధ పాలన, లేదా సమన్యాయ పాలన అన్నప్పుడు సాధారణంగా చట్టాలు ఉండడం, వాటిని అందరికీ అమలు చేయడం అనే అర్థం స్ఫురిస్తుంది. పెరూలో 1995లో చట్టాలకేమీ లోటు లేదు. పార్లమెంటు పద్ధతి ప్రకారమే ఆమోదించింది, అధ్యక్షుడు పద్ధతి ప్రకారమే సంతకం పెట్టాడు. చట్టం రూపంలోనే చట్టబద్ధతను రద్దు చేయవచ్చునని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం. చట్టం చేసేవారు కూడా లోబడవలసిన హద్దు ఒకటి ఉండాలనీ, ఆ హద్దును చూపించే స్వతంత్ర న్యాయమూర్తి ఉండాలనీ, అన్యాయానికి గురైనవారు ఆ న్యాయమూర్తి దాకా చేరగలగాలనీ చెప్పే నిండైన భావనకు ప్రాంతీయ మానవ హక్కుల సంస్థలు చేసే మేలు ఏమిటన్నది ఇక్కడి ప్రశ్న. అవి పై నుంచి దేశాలను శాసించే మహా న్యాయస్థానాలన్న అభిప్రాయం విస్తృతంగా ఉన్నా, అది వాస్తవానికి దూరం. వాటి బలం దాదాపు పూర్తిగా దేశం లోపలి న్యాయమూర్తుల మీద ఆధారపడి ఉంటుంది. వారికి పట్టుకొమ్మగా నిలిచినప్పుడే అవి ఫలిస్తాయి; ఆ న్యాయమూర్తులు లేనిచోట, లేదా లొంగిపోయిన చోట, ఎంత గొప్ప తీర్పైనా కాగితం మీదే ఉంటుంది.

ప్రపంచంలో ఇలాంటి పూర్తిస్థాయి వ్యవస్థలు మూడే ఉన్నాయి. 1950లో రోమ్‌లో సంతకాలైన ఒడంబడిక ఆధారంగా ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో 1959 నుంచి యూరప్ మానవ హక్కుల కోర్టు నడుస్తోంది; ఇప్పుడు 46 దేశాలు దాని పరిధిలో ఉన్నాయి. అమెరికా ఖండాల్లో 1969 నాటి ఒడంబడిక 1978లో అమల్లోకి వచ్చింది. అక్కడ వాషింగ్టన్‌లో ఒక కమిషన్, కోస్టారికా రాజధాని శాన్ హోసేలో ఏడుగురు న్యాయమూర్తుల కోర్టు ఉన్నాయి. కమిషన్‌కు ఆతిథ్యమిస్తున్న అమెరికా సంయుక్త రాష్ట్రాలు మాత్రం 1977లో ఒడంబడిక మీద సంతకం చేసి, నేటికీ దానిని ధ్రువీకరించలేదు. ఆఫ్రికాలో 1981 నాటి అధికార పత్రం కింద గాంబియాలోని బంజుల్‌లో కమిషన్, తరువాత టాంజానియాలోని అరూషాలో కోర్టు ఏర్పడ్డాయి.

మూడింటికీ ఉమ్మడిగా ఒక షరతు ఉంది. బాధితులు ముందుగా తమ దేశంలోని కోర్టులన్నిటి తలుపులూ తట్టి ఉండాలి. అక్కడ న్యాయం దొరకలేదనో, దొరికే అవకాశమే లేదనో చూపించాలి. ఇంట గెలిచి రచ్చ గెలవమని తెలుగు సామెత. ఇక్కడ వరస తిరగబడుతుంది: ఇంట ఓడినవారు రచ్చకెక్కి గెలిచి, ఆ గెలుపును పట్టుకుని మళ్లీ ఇంటికే వచ్చి గెలవాలి. ఈ చివరి మెట్టే అన్నిటికంటే కష్టం. ప్రాంతీయ కోర్టుకు పోలీసులు లేరు, జైళ్లు లేవు, సొంత దర్యాప్తు సంస్థ లేదు. నిందితుణ్ణి శిక్షించే అధికారం కూడా దానికి లేదు. అది తేల్చేది రాజ్యం బాధ్యతనే గానీ వ్యక్తి నేరాన్ని కాదు.

రాజ్యం బాధ్యత అంటే ఏమిటో స్పష్టంగా చెప్పిన మొదటి గొప్ప తీర్పు హోండురాస్‌కు సంబంధించినది. 1981 సెప్టెంబరులో మాన్‌ఫ్రెడో వెలాస్కెజ్ రోడ్రిగెజ్ అనే విద్యార్థిని టెగుసిగల్పా నగరంలో పట్టుకుపోయారు. అతడు మళ్లీ కనిపించలేదు. ప్రభుత్వం తనకేమీ తెలియదంది. 1988 జూలై 29న శాన్ హోసే కోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ఎత్తుకెళ్లింది ఫలానా సైనికుడేనని రుజువు కాకపోయినా రాజ్యం తప్పించుకోలేదు. హక్కుల ఉల్లంఘనను నివారించడం, జరిగితే నిజాయితీగా దర్యాప్తు చేయడం, బాధ్యులను శిక్షించడం, బాధితులకు పరిహారం ఇవ్వడం రాజ్యం విధులు. దర్యాప్తు చేయకపోవడమే ఒక ఉల్లంఘన అవుతుంది. ఆ కేసు నడుస్తుండగానే సాక్షులలో కొందరు హత్యకు గురయ్యారన్నది మరచిపోరాదు. ఈ తీర్పులో పెట్టిన నాలుగు విధులే పదమూడేళ్ల తరువాత పెరూ క్షమాభిక్ష చట్టాన్ని కూల్చిన పనిముట్లయ్యాయి.

పెరూ పరిస్థితి ఈలోగా మరింత దిగజారింది. అప్పటి అధ్యక్షుడు ఆల్బెర్టో ఫుజిమోరి మూడోసారి ఆ పదవికి పోటీ చేయడానికి వీలు కల్పించే చట్టం ఆయనకు వర్తించదని 1997 జనవరిలో రాజ్యాంగ న్యాయస్థానంలోని ముగ్గురు న్యాయమూర్తులు తీర్పిచ్చారు. మే నెలలో పార్లమెంటు ఆ ముగ్గురినీ పదవుల నుంచి తొలగించింది. ఏడుగురు సభ్యుల న్యాయస్థానంలో మిగిలింది నలుగురు. ఏ చట్టాన్నైనా రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేయడానికి కావలసినవి ఆరు ఓట్లు. న్యాయస్థానం భవనం ఉంది, బోర్డు ఉంది, సిబ్బంది ఉన్నారు. పని మాత్రం చేయలేదు. చట్టబద్ధ పాలనను ధ్వంసం చేయడానికి కోర్టులకు తాళాలు వేయనక్కరలేదు, లెక్క కుదరకుండా చూస్తే చాలు.

1999లో శాన్ హోసే కోర్టు మరో పెరూ కేసులో, ముఖం కనిపించకుండా కూర్చునే సైనిక న్యాయమూర్తులు నలుగురు చిలీ దేశస్థులకు వేసిన శిక్షలు చెల్లవని, వారిని న్యాయబద్ధంగా తిరిగి విచారించాలని చెప్పింది. దానికి జవాబుగా పెరూ ప్రభుత్వం ఆ ఏడాది జూలైలో కోర్టు పరిధి నుంచి తక్షణం తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. ఒడంబడికలో అలాంటి వెసులుబాటు లేదని, ఒడంబడిక నుంచి పూర్తిగా వైదొలగాలంటే ఏడాది ముందు నోటీసు ఇవ్వాలని కోర్టు సెప్టెంబరులో తేల్చి, కేసులను కొనసాగించింది. ఇది పైకి సాంకేతిక విషయంగా కనిపిస్తుంది. నిజానికి ప్రాంతీయ వ్యవస్థలన్నిటి మనుగడా దీని మీదే ఆధారపడి ఉంది: తీర్పు నచ్చని మరునాడే కోర్టును వద్దనుకునే హక్కు ఉంటే, ఇక అది కోర్టే కాదు.

2000 నవంబరులో అవినీతి ఆరోపణల మధ్య ఫుజిమోరి జపాన్ చేరి, అక్కడి నుంచి ఫ్యాక్స్‌లో రాజీనామా పంపాడు. తొలగించిన ముగ్గురు న్యాయమూర్తులను పెరూ పార్లమెంటు తిరిగి నియమించింది. 2001 జనవరిలో కొత్త ప్రభుత్వం కోర్టు పరిధిని మళ్లీ అంగీకరించింది. అదే నెలాఖరున ఆ ముగ్గురి తొలగింపు ఒడంబడికకు విరుద్ధమని శాన్ హోసే తీర్పు వెలువడింది. మార్చి 14న బారియోస్ ఆల్టోస్ తీర్పు వచ్చింది. తీవ్రమైన మానవ హక్కుల ఉల్లంఘనలను విచారణ నుంచి కాపాడే క్షమాభిక్షలు, కాలపరిమితి నిబంధనలు ఆమోదయోగ్యం కావనీ, ఆ రెండు చట్టాలకూ న్యాయపరమైన ప్రభావమే లేదనీ కోర్టు ప్రకటించింది. సెప్టెంబరులో ఇచ్చిన వివరణలో, ఈ తీర్పు ఆ ఒక్క కేసుకే కాక ఆ చట్టాలు వర్తించే అన్నిటికీ చెల్లుతుందని స్పష్టం చేసింది.

అంటే ఆరేళ్ల కింద సాకికురాయ్ తన ఉత్తర్వులో ఒంటరిగా రాసిన మాటనే ఏడుగురు న్యాయమూర్తుల కోర్టు నిలబెట్టింది. ఆమెను దండించడానికి వాడిన ‘చట్టానికి తప్పుడు అర్థం’ అన్న ఆరోపణ ఇప్పుడు క్షమాభిక్షను వర్తింపజేసేవారి మీదకే మళ్లింది. పెరూలో మూతపడిన కేసులు తిరిగి తెరుచుకున్నాయి. జపాన్ నుంచి చిలీ వెళ్లి అక్కడ అరెస్టయిన ఫుజిమోరిని 2007లో చిలీ సుప్రీంకోర్టు అనుమతితో పెరూకు అప్పగించారు. 2009 ఏప్రిల్ 7న పెరూ సుప్రీంకోర్టు ప్రత్యేక ధర్మాసనం బారియోస్ ఆల్టోస్, లా కాంటుటా విశ్వవిద్యాలయ హత్యల కేసుల్లో ఆయనకు ఇరవై ఐదేళ్ల జైలుశిక్ష వేసింది. ఎన్నికైన ఒక మాజీ దేశాధినేతను సొంత దేశపు కోర్టే మానవ హక్కుల నేరాలకు శిక్షించడం అరుదైన సంగతి. శిక్ష వేసింది శాన్ హోసే కాదు, లిమా. అయితే దారికి అడ్డుగా ఉన్న చట్టాన్ని తొలగించింది శాన్ హోసేయే.

ఈ అనుభవాన్ని కోర్టు 2006లో చిలీకి చెందిన అల్మొనాసిడ్ కేసులో ఒక సూత్రంగా మార్చింది. దేశంలోని ప్రతి న్యాయమూర్తీ తన ముందున్న చట్టం రాజ్యాంగానికే కాక ఒడంబడికకు కూడా అనుగుణంగా ఉందో లేదో పరిశీలించాలన్నదే ఆ సూత్రం. ఈ ఒక్క అడుగుతో కిందిస్థాయి మేజిస్ట్రేటు కూడా, కనీసం సిద్ధాంతరీత్యా, ఒడంబడికకు కాపలాదారు అయ్యారు. 2009లో రాడిల్లా కేసులో ఓడిన మెక్సికోలో, రెండేళ్లకు అక్కడి సుప్రీంకోర్టు ఈ విధిని దేశంలోని న్యాయమూర్తులందరికీ వర్తింపజేసింది.

యూరప్ దారి వేరు, అయినా కథ చాలావరకు అదే. ఇంగ్లండ్‌లోని పార్క్‌హర్స్ట్ జైలులో 1969లో గొడవ జరిగింది. గోల్డర్ అనే ఖైదీ తనపై దాడి చేశాడని ఒక జైలు అధికారి ఆరోపించాడు. ఆ ఆరోపణ మీద పరువునష్టం దావా వేయడానికి న్యాయవాదిని సంప్రదించనివ్వమని గోల్డర్ కోరితే హోంశాఖ కాదంది. న్యాయమైన విచారణ జరగాలని ఒడంబడిక ఆరో అధికరణం చెబుతుంది గానీ, కోర్టుకు వెళ్లే హక్కు గురించి అందులో ఒక్క మాట లేదు. 1975లో స్ట్రాస్‌బర్గ్ కోర్టు ఒడంబడిక పీఠికలో చట్టబద్ధ పాలనను ఉమ్మడి వారసత్వంగా పేర్కొన్న వాక్యాన్ని ఆధారం చేసుకుంది. కోర్టు గడప తొక్కనివ్వకుండా లోపల న్యాయమైన విచారణ జరుగుతుందనడం అర్థం లేని మాట కనుక, ఆ హక్కు ఆరో అధికరణంలోనే ఇమిడి ఉందని తేల్చింది. పీఠికలో అలంకారంగా ఉన్న మాటకు ఒక ఖైదీ ఉత్తరం ప్రాణం పోసింది.

స్ట్రాస్‌బర్గ్ తీర్పుల అమలును సభ్యదేశాల ప్రతినిధులతో కూడిన మంత్రుల కమిటీ పర్యవేక్షిస్తుంది. పోలండ్‌లో రెండో ప్రపంచ యుద్ధానంతరం సరిహద్దులు మారడంతో ఆస్తులు కోల్పోయిన దాదాపు ఎనభై వేల మంది పరిహారం సమస్యను 2004లో ఒకే నమూనా తీర్పుతో కోర్టు చేపట్టింది. మరుసటి ఏడాది పోలండ్ కొత్త చట్టం చేసింది. అంత త్వరగా కదలిక రావడానికి కారణం ఉంది. పోలండ్ రాజ్యాంగ న్యాయస్థానం అప్పటికే 2002లో బాధితుల పక్షాన తీర్పిచ్చి ఉంది. దేశం లోపల నలిగిపోతున్న తీర్పుకు బయటి తీర్పు అండగా నిలిచింది.

దీనికి పూర్తి వ్యతిరేకం తుర్కియే (టర్కీ)లోని ఉస్మాన్ కవాలా వ్యవహారం. 2017 అక్టోబరులో అరెస్టయిన ఈ పౌరసమాజ కార్యకర్త నిర్బంధం ఆయన నోరు నొక్కడానికేనని 2019 డిసెంబరులో స్ట్రాస్‌బర్గ్ కోర్టు చెప్పి, వెంటనే విడుదల చేయమంది. విడుదల చేయలేదు సరికదా, 2022 ఏప్రిల్‌లో ఇస్తాంబుల్ కోర్టు ఆయనకు కఠిన యావజ్జీవ శిక్ష వేసింది. మంత్రుల కమిటీ అంతకు ముందే, చాలా అరుదుగా వాడే ఉల్లంఘన ప్రక్రియ చేపట్టింది. తుర్కియే తన బాధ్యత నెరవేర్చలేదని అదే ఏడాది జూలైలో కోర్టు మళ్లీ తేల్చింది. హక్కుల ఒప్పందాలు దేశీయ చట్టాలకంటే మిన్న అని తుర్కియే రాజ్యాంగంలోనే 2004 నుంచి ఉంది. రాతకు కొదవ లేదు. ఆ రాతను పట్టుకుని నిలబడే న్యాయమూర్తే అవసరమైన చోట లేడు.

ఆఫ్రికాలో పరీక్ష ఇంకా కఠినం. నైజర్‌లో హదిజతూ మానీ అనే బాలికను 1996లో, పన్నెండేళ్ల వయసులో, 2,40,000 సీఎఫ్‌ఏ ఫ్రాంకులకు అమ్మేశారు. ఆమె దాదాపు తొమ్మిదేళ్లు యజమాని ఇంట్లో, పొలంలో చాకిరీ చేస్తూ, అతని ‘ఐదో భార్య’ పేరిట బతికింది. 2003లో నైజర్ బానిసత్వాన్ని నేరంగా చేసింది. 2005లో యజమాని ఆమెకు విముక్తి పత్రం రాసిచ్చి, ఆ వెంటనే ఆమె ఇంకా తన భార్యేనని అడ్డుపడ్డాడు. ఆమె మరొకరిని పెళ్లాడితే, ద్వివివాహ నేరం కింద నైజర్ కోర్టు ఆమెకే జైలుశిక్ష వేసింది. పశ్చిమాఫ్రికా దేశాల ఆర్థిక కూటమి ఎకోవాస్‌కు చెందిన కోర్టులో దేశీయ కోర్టులన్నీ తిరిగి రావాలన్న షరతు లేదు. ఆ వెసులుబాటుతో ఆమె నేరుగా అక్కడికి వెళ్లగలిగింది. నైజీరియాలోని అబూజాలో ఉండే ఆ కోర్టు ఈ కేసు కోసం నైజర్ రాజధాని నియామేకి తరలి వచ్చింది. ఆమె బానిసత్వంలో ఉందనీ, దాన్ని గుర్తించక రక్షించకపోయిన నైజర్ రాజ్యమే బాధ్యురాలనీ 2008 అక్టోబరు 27న చెప్పి, కోటి ఫ్రాంకుల పరిహారం ఇప్పించింది. చట్టం పుస్తకంలో ఉండగా ఆచారం పేరుతో కోర్టే కళ్లు మూసుకున్న చోట బయటి కోర్టు ఎలా పనిచేయగలదో ఇక్కడ చూడవచ్చు.

అదే ఏడాది నవంబరులో ఆఫ్రికా ఖండపు దక్షిణ ప్రాంత దేశాల కూటమి ట్రిబ్యునల్, పరిహారం లేకుండా, కోర్టుకు వెళ్లే వీలు కూడా లేకుండా భూములు లాక్కున్న జింబాబ్వే ప్రభుత్వానికి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. జింబాబ్వే ఆ తీర్పును ధిక్కరించింది; కూటమి దేశాధినేతలు ధిక్కారాన్ని ప్రశ్నించకపోగా, 2010లో ట్రిబ్యునల్‌నే స్తంభింపజేశారు. వ్యక్తులు ఫిర్యాదు చేసే హక్కును తొలగించే కొత్త ఒప్పందం 2014లో వచ్చింది. దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం మాత్రం 2013లో ట్రిబ్యునల్ విధించిన ఖర్చుల వసూలును సమర్థించింది. 2018లో మరో మెట్టెక్కి, ట్రిబ్యునల్‌ను నిర్వీర్యం చేయడంలో తమ దేశాధ్యక్షుడు పాలుపంచుకోవడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పిచ్చింది. పెరూలో బయటి కోర్టు లోపలి న్యాయమూర్తిని నిలబెడితే, ఇక్కడ లోపలి కోర్టు బయటి కోర్టు పరువును కాపాడింది. అరూషా కోర్టుకు మాత్రం అలాంటి అండ దొరకలేదు: వ్యక్తులు నేరుగా ఫిర్యాదు చేయడానికి ఇచ్చిన అనుమతిని రువాండా 2016లో, కోర్టుకు నెలవైన టాంజానియాయే 2019లో, బెనిన్, కోట్ డివ్వార్ 2020లో ఉపసంహరించుకున్నాయి.

దేశ సార్వభౌమత్వంలో ఇలాంటి జోక్యం ఎందుకన్న విమర్శను తేలికగా కొట్టిపారేయలేం. ఎన్నికైన పార్లమెంటు చేసిన చట్టాన్ని వేరే దేశంలో కూర్చున్న న్యాయమూర్తులు చెల్లదనడం ప్రజాస్వామ్యానికి ఇబ్బందికరమే. స్ట్రాస్‌బర్గ్ కోర్టు సున్నితమైన విషయాల్లో దేశాలకు కొంత వెసులుబాటు వదలడానికి కారణం అదే. అయితే బారియోస్ ఆల్టోస్ కేసులో పార్లమెంటు ఎవరి పక్షాన చట్టం చేసిందో చూస్తే ఆ విమర్శ బలం సగానికి తగ్గుతుంది. ఆలస్యం గురించిన విమర్శకు మాత్రం సరైన జవాబు లేదు. హత్యలకూ తీర్పుకూ మధ్య తొమ్మిదేళ్లకు పైగా గడిచాయి.

ఆసియాకు ఇలాంటి కోర్టు లేదు. ఆసియాన్ దేశాలు 2009లో పెట్టుకున్న కమిషన్‌కు వ్యక్తుల ఫిర్యాదులపై తీర్పు చెప్పే అధికారం లేదు. దక్షిణాసియాలో సార్క్ అధికార పత్రం ద్వైపాక్షిక, వివాదాస్పద అంశాల చర్చనే పక్కన పెట్టింది. కనుక హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కేసు వేసిన వ్యక్తికి సుప్రీంకోర్టు తరువాత మరో ప్రాంతీయ ద్వారం లేదు. అయినా ఆ తీర్పుల గాలి ఇక్కడికీ సోకింది: స్వలింగ సంపర్కాన్ని నేరం కాదన్న 2018 నాటి సుప్రీంకోర్టు తీర్పులో ఉత్తర ఐర్లండ్‌కు చెందిన డడ్జన్ కేసులో 1981లో స్ట్రాస్‌బర్గ్ చెప్పిన మాటలు ప్రస్తావనకు వచ్చాయి. ఒడంబడికలో లేని దేశపు న్యాయమూర్తి కూడా దాన్నుంచి వాదన తీసుకోగలరు, కట్టుబడాలన్న బాధ్యత లేకపోయినా.

పెరూ కథ 2009తో ముగియలేదు. 2017 క్రిస్మస్ ముందురోజు ఫుజిమోరికి అధ్యక్షుడు క్షమాభిక్ష పెట్టాడు. శాన్ హోసే కోర్టు దాన్ని తానే రద్దు చేయకుండా, పెరూ కోర్టులే సమీక్షించాలంది. 2018 అక్టోబరులో లిమాలోని సుప్రీంకోర్టు న్యాయమూర్తి దానిని కొట్టివేశారు. 2022లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ క్షమాభిక్షను పునరుద్ధరించింది. శాన్ హోసే వారించినా 2023 డిసెంబరులో ఆయన విడుదలయ్యాడు, 2024 సెప్టెంబరులో మరణించాడు. ఒకప్పుడు ముగ్గురు న్యాయమూర్తులను పోగొట్టుకుని, శాన్ హోసే తీర్పుతో పరువు దక్కించుకున్నది ఈ రాజ్యాంగ న్యాయస్థానమే.

2024 ఆగస్టులో పెరూ మరో చట్టం చేసింది: 2002 జూలైకి ముందు జరిగిన మానవతా వ్యతిరేక నేరాలకు కాలపరిమితి వర్తిస్తుంది. 2025 ఆగస్టులో సైనికులకు, పోలీసులకు కొత్త క్షమాభిక్ష చట్టం వచ్చింది. 2024 చట్టాన్ని వర్తింపజేయడానికి పెరూలోని కొన్ని ధర్మాసనాలు నిరాకరించాయి. 1995లో సాకికురాయ్ ఒంటరిగా వాదన కట్టుకోవలసి వచ్చింది. ఇప్పుడు నిరాకరించే న్యాయమూర్తి తన ఉత్తర్వులో 2001 మార్చి 14 నాటి తీర్పును ఉటంకించవచ్చు. అలా ఉటంకించినందుకు ఆ న్యాయమూర్తి మీద విచారణకు ఆదేశించడం పై కోర్టుకు ఇదివరకటంత సులువు కాదు.